క్యాజువాలిటీలో ఇంటి సంగతులు అడిగితే మీకు ఎలా అనిపిస్తుంది?

కోనసీమ సిస్టర్:

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఒక ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఏ ఆసుపత్రో అడక్కండి. మీలో పేషెంట్లుగానో, పేషెంటు వెంట అటెండర్లుగానో క్యాజువాలిటీ మొహం చూడనివాళ్లు తక్కువే ఉంటారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

ఈమధ్య మా దగ్గర కొత్త కాగితం ఒకటి మొదలుపెట్టారు. బీపీ, పల్స్, షుగర్ చూసుకుని, పేషెంటు కాస్త కుదుటపడ్డాక కొన్ని ప్రశ్నలు అడిగి టిక్కులు పెట్టాలి. ఇంట్లో ఎవరెవరుంటారు, సొంతిల్లా అద్దిల్లా, తిండికి ఇబ్బంది ఉందా, డబ్బుల్లేక మందులు ఆపేశారా, ఇక్కడ్నుంచి ఇంటికి ఎలా వెళ్తారు, ఇంట్లో కొట్టేవాళ్లు గానీ బెదిరించేవాళ్లు గానీ ఉన్నారా, ఇలా.

ఇవి అడగాలనే నేను గట్టిగా నమ్ముతున్నాను. మొన్న వానల్లో గోదావరి మధ్య ఉన్న లంక ఊరి నుంచి ఒక తాతగారిని స్పృహ లేకుండా తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు, షుగర్ బాగా పడిపోయి ఉంది. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించగానే కళ్లు తెరిచారు. సంచీలో మాత్రలు చూస్తే గ్లిమిపిరైడ్, అంటే షుగర్ తగ్గించే మాత్ర. రాత్రి ఏం తిన్నారు తాతయ్యా అంటే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లిగా "టీ తాగానమ్మా" అన్నారు. భార్య పోయింది, కూతురు కువైట్‌లో పనికి వెళ్లింది, వండిపెట్టే దిక్కు లేదు, కానీ మాత్ర మానొద్దని డాక్టరు గారు చెప్పారని అది మాత్రం రోజూ పొద్దున్నే వేసుకుంటున్నారు. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే షుగర్ పడిపోయిందని రాసి అంతటితో వదిలేసేవాళ్లం, వారం తిరక్కుండా మళ్లీ అలాగే వచ్చేవారు. పైగా ఆ మాత్ర వల్ల పడిన షుగర్ ఒకసారి పెరిగినా కొన్ని గంటలయ్యాక మళ్లీ పడిపోతుంది, కాబట్టి ఉంచి చూడాలి. ఆయనేమో చీకటి పడితే రేవులో పడవ ఉండదు, నన్ను పంపేయండమ్మా అని ఒకటే బతిమాలడం.

కానీ అందరూ ఆయనలా చెప్పరు. ఎక్కువమంది అనేది "ఇవన్నీ ఎందుకమ్మా, పెన్షన్ తీసేయడానికా?" అని. కొందరు మొహం తిప్పేసుకుంటారు. కొట్టడం గురించిన ప్రశ్న దగ్గరకొచ్చేసరికి చాలాసార్లు భర్త పక్కనే నిలబడి ఉంటాడు, నాకే నోరు రాదు. ఇంకొందరు ఆడవాళ్లు ఒక్క ప్రశ్నకే మనసులో ఉన్నదంతా చెప్పడం మొదలుపెడతారు, సరిగ్గా అప్పుడే యాక్సిడెంట్ కేసు వస్తుంది, సగంలో లేచి వెళ్లిపోవాలి. నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది అదే.

మీరే చెప్పండి. నొప్పితో వచ్చినప్పుడు ఇవి అడిగితే అవమానంగా ఉంటుందా? ఎవరు అడిగితే చెప్తారు, డాక్టరా, నర్సా, ఊళ్లో ఆశా వర్కరా? కాగితం ఇచ్చి మీరే టిక్కు పెట్టుకోమంటే నయమా? ఏమీ దాచకుండా చెప్పండి, నేనేమీ అనుకోను.

రాజోలు అమ్మాయి:

సిస్టర్ గారూ, మీరన్న ఆ చివరి ప్రశ్న నన్ను అడిగారండి. కోనసీమలో కాదు, అత్తగారి ఊరి దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. మణికట్టు విరిగి వెళ్లాను. అడిగినావిడ మంచావిడే. కానీ మంచానికి అటు మా ఆయన, ఇటు మా అత్తగారు నిలబడి ఉండగా "ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా" అని అడిగేశారు. ఏం చెప్తాను? బాత్రూంలో జారిపడ్డానన్నాను. మా అత్తగారు వెంటనే అందుకుని "మా కోడలికి కంగారెక్కువండి, కింద చూసుకోదు" అన్నారు. ఆవిడ అదే రాసుకుని వెళ్లిపోయారు. ఇంటికెళ్లాక, నువ్వేం చెప్పావు, ఆవిడకి ఎందుకొచ్చింది ఆ అనుమానం అని రాత్రి తెల్లవార్లూ నిలదీశారు. ఆ ప్రశ్న అడగకుండా ఉంటే నాకు ఆ రాత్రి తప్పేది.

అలాగని అడగొద్దని కాదు నేననేది. ఎక్స్‌రే గదిలోకి నన్నొక్కదాన్నే పంపారు. ఫిల్మ్ వచ్చేదాకా లోపలే స్టూల్ మీద కూర్చోబెట్టారు. చేతికి అట్టముక్క పెట్టి గుడ్డ చుట్టి ఉంది, వాపెక్కువై గాజులు కోసి తీశారు, ఆ ముక్కలు కాగితంలో పొట్లం కట్టి నా ఒళ్లో పెట్టారు. తలుపు మూసే ఉంది, మా వాళ్లు బయట వరండాలో. అక్కడికి ఒక్క ఆడమనిషి వచ్చి, ఈ చెయ్యి ఎలా విరిగిందమ్మా అని అడిగుంటే మొత్తం చెప్పేసేదాన్ని. చెప్పాలనే ఉంది నాకు. ఎవరూ రాలేదు.

ఇప్పుడు మా అమ్మావాళ్ల దగ్గర ఉంటున్నాను, బాగున్నాను. మీరు ఈ విషయం ఇలా అడగడమే నాకు చాలా సంతోషంగా ఉందండి. ఇంకో మాట, తిండి గురించి హాల్లో పదిమంది వినేట్టు అడిగితే మన వైపు ఎంత లేనివాళ్లైనా "తింటున్నామండి" అనే అంటారు. పరువు ముందు ఆకలి ఒప్పుకోరు ఎవరూ.

దింపు కార్మికుడి కొడుకు:

సిస్టర్ గారూ, మీ మంచితనం మీద అనుమానం లేదు, కానీ మా వైపు నుంచి కూడా చూడండి. సొంతిల్లా, బండి ఉందా, పొలం ఎంత, ఇంట్లో ఉద్యోగస్తులున్నారా, ఇవి ఎవరడిగినా మాకు ఒక్కటే గుర్తొస్తుంది, కార్డు పోతుందని. పొలం లెక్క, నాలుగు చక్రాల బండి, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, ఇవన్నీ చూసి రైస్ కార్డులు, పెన్షన్లు ఆపేసిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఇప్పుడు మా నానమ్మకి నెలకు 4,000 పెన్షన్ మీదే మందులూ, పాలూ, అన్నీ. ఆవిడ ముందు కాగితం పట్టుకుని నిలబడి "ఇంట్లో ఎవరెవరున్నారు" అంటే ఆవిడ నిజం చెప్తుందా? కొడుకులు చూడట్లేదండి, ఒంటరిదాన్నండి అంటుంది. చూసుకునేది మేమే. అది అబద్ధం కాదండి, భయం.

అందుకని ముందు ఆ కాగితం ఎక్కడికి పోతుందో చెప్పండి. ఆసుపత్రి గడప దాటదు, గ్రామ సచివాలయానికి వెళ్లదు అని మీరు గట్టిగా చెప్పగలిగితే జనం చెప్తారు. చెప్పలేకపోతే రాసుకోకండి, విని చేతనైన సాయం చేయండి చాలు.

"ఇంటికి ఎలా వెళ్తారు" అన్న ప్రశ్న మాత్రం దయచేసి తీసేయకండి. మా నాన్న దింపు పనిలో, అంటే కొబ్బరికాయలు దింపుతూ, చెట్టు మీంచి పడి కాలు విరిగినప్పుడు 108 వచ్చి పైసా లేకుండా తీసుకెళ్లింది. కట్టు కట్టాక, ఇక వెళ్లొచ్చు అన్నారు. ఎలా వెళ్లాలి? తొడ దాకా పిండికట్టు, కాలు మడవదు, ఆటోలో పట్టదు. మాది రోడ్డున్న ఊరు కాబట్టి ఎవర్నో బతిమాలి ట్రక్కు ఆటోలో పడుకోబెట్టి తెచ్చాం. బూరుగులంక రేవు అవతల వాళ్లైతే ఆ కాలితో పడవ ఎక్కాలి. వరద రోజుల్లో ఏం చేస్తారో ఆలోచించండి. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బండి ఉంది గానీ మా లాంటివాళ్లని ఇంటికి దింపడానికి ఏమీ లేదు, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

భీమవరం నుంచి డాలస్:

నేను ఇక్కడ అమెరికాలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో రిజిస్ట్రేషన్ డెస్కులో పనిచేస్తాను. మీరు మొదలుపెట్టింది ఇక్కడ చాలా ఏళ్లుగా నడుస్తోంది, పనికొస్తుందని రాస్తున్నా.

వృద్ధులకీ పేదలకీ ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలు మెడికేర్, మెడికెయిడ్ నడిపే సీఎంఎస్ అనే ప్రభుత్వ సంస్థ 2017లో ఒక ఐదేళ్ల ప్రయోగం మొదలుపెట్టింది. ఇల్లు, తిండి, ప్రయాణం, కరెంటు-గ్యాస్ బిల్లులు, మనుషుల వల్ల ప్రమాదం, ఈ ఐదింటి మీద పది ప్రశ్నలు. తర్వాత 2024 నుంచి, ఆసుపత్రిలో చేరిన పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో ఎంతమందిని అడిగారో లెక్క చెప్పి తీరాలన్నారు. 2025లో ఆ నిబంధన ఎత్తేశారు. లెక్క కోసం అడగడం మొదలైతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను, స్క్రీన్ వైపు చూస్తూ గబగబా చదివేసి "నో, నో, నో" కొట్టుకుంటూ పోవడమే. పేషెంటుకి అది వెంటనే తెలిసిపోతుంది.

పేషెంట్లు ఏమనుకుంటారన్న దాని మీద ఇక్కడ మంచి పరిశోధనే జరిగింది. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో 9 రాష్ట్రాల్లో క్లినిక్కులకీ ఎమర్జెన్సీలకీ వచ్చిన వెయ్యిమందికి కాస్త తక్కువగా అడిగారు. ఇలాంటి ప్రశ్నలు వేయడం సబబే అన్నవాళ్లు నూటికి 79. కానీ ఆ జవాబుల్ని కంప్యూటర్ రికార్డులో ఎక్కించడానికి ఇబ్బంది లేదన్నవాళ్లు 65 మందే. దింపు కార్మికుడి కొడుకు గారు అడిగిన ప్రశ్న ఇదేనండి, అడగడంతో పేచీ లేదు, రాయడంతోనే. డాక్టర్ల మీద నమ్మకం ఉన్నవాళ్లు, అంతకుముందు ఒకసారి ఇలాంటి ప్రశ్నలు విన్నవాళ్లు ఎక్కువగా సరేనన్నారు. అంటే మీ దగ్గర ఇప్పుడు కొత్త కాబట్టి ఉలిక్కిపడుతున్నారు, కొన్నాళ్లకి కొంత అలవాటవుతుంది.

ఇంకొకటి ఇక్కడ అందరూ గమనించినది. ఇబ్బంది ఉందని చెప్పినవాళ్లలో చాలామంది సాయం వద్దంటారు. వాళ్లకి సిగ్గు కావచ్చు, వేరే దారి ఉండొచ్చు, ఆ రోజు కడుపునొప్పి తగ్గితే చాలు అనిపించొచ్చు. కాబట్టి ప్రతి ప్రశ్న కిందా "దీనికి మా నుంచి ఏమైనా సాయం కావాలా" అని విడిగా అడగండి. వద్దంటే అక్కడితో ఆపేయాలి, వెంటపడకూడదు.

నోటితో అడగడమా, రాయించడమా అంటే, ఇంట్లో హింస లాంటివి మనిషి మొహం చూసి చెప్పేకంటే ట్యాబ్‌లో సొంతంగా నింపేటప్పుడు ఎక్కువమంది బయటపెడతారని ఇక్కడ తేలింది. కానీ మన దగ్గర పెద్దవాళ్లకి చదువు రాదు, ట్యాబ్ ఇస్తే కొడుకో కోడలో పక్కన కూర్చుని నింపుతారు. అప్పుడు అసలుకే మోసం. మీకు నోటితో అడగడమే మేలు, చోటు మాత్రం చూసుకోండి.

రిటైర్డ్ హెడ్ నర్స్, కాకినాడ:

అమ్మాయ్, నీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. క్యాజువాలిటీలోనూ, ఆడవాళ్ల వార్డులోనూ చాలాకాలం చేశాను.

ముందుగా, కొట్టడం గురించి వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పలేదు. 2013లో వాళ్లిచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది, అనుమానం వచ్చే గుర్తులుంటే అడగమని. గాయానికీ చెప్పే కథకీ పొంతన లేకపోవడం, మళ్లీ మళ్లీ దెబ్బలతో రావడం, పురుగుల మందు తాగి రావడం, కడుపుతో ఉన్న పిల్ల పొట్ట మీద దెబ్బ. అడిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు, రెండేళ్లు దాటిన పిల్లలు కూడా. పిల్లలు ఇంటికెళ్లి చెప్పేస్తారు కాబట్టి. రాజోలు అమ్మాయీ, నిన్ను అలా అడిగి ఉండకూడదు తల్లీ, అది నీ మీదకి ప్రమాదం తెచ్చింది. నువ్వు క్షేమంగా ఉన్నావని చదివి మనసు కుదుటపడింది.

ఒంటరిగా ఎలా దొరుకుతారంటావా? అటెండర్ని ఓపీ చీటీకి పంపు, మందుల షాపుకి పంపు. "డ్రెస్సింగ్ చేయాలి, మగవాళ్లు బయటికి వెళ్లండి" అను, అత్తగారు కదలకపోతే యూరిన్ టెస్టు అని పేషెంటునే బాత్రూం దాకా నువ్వు తీసుకెళ్లు. ఎక్స్‌రే గది, ఈసీజీ తెర, లేబర్ రూం, ఇవన్నీ మన చేతిలో ఉన్న చోట్లే. ముంబయిలో బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000 సంవత్సరం నుంచి 'దిలాసా' అని హింసకి గురైన ఆడవాళ్ల కోసం ఒక కేంద్రం నడుస్తోంది, మున్సిపల్ కార్పొరేషనూ, సెహత్ అనే సంస్థా కలిసి పెట్టారు. అక్కడ ముందు తర్ఫీదు ఇచ్చింది ఆసుపత్రి సిబ్బందికే, గాయం చూసి గుర్తుపట్టడం ఎలా, అడగడం ఎలా అని. ప్రభుత్వాసుపత్రిలో కుదరదనే మాట నేను ఒప్పుకోను, అది కూడా రద్దీ ఆసుపత్రే.

ఆ పిల్ల చెప్పిందనుకో, తర్వాత ఏం చేస్తావన్నది ముందే తేల్చుకుని ఉండాలి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి కలుపుతారు, అక్కడ ఐదు రోజుల వరకు ఉండనిస్తారు, పోలీసూ, లాయరూ, కౌన్సెలింగూ అన్నీ అక్కడే. కానీ ఆ నంబరున్న పాంప్లెట్ ఆవిడ చేతిలో పెట్టొద్దు, ఇంట్లో సంచీ వెతుకుతారు. మూడు అంకెలే కదా, రెండుసార్లు చెప్పి గుర్తుపెట్టుకోమను. గాయాలు మాత్రం కేస్ షీట్‌లో ఎక్కడ, ఎంత పొడవు, ఏ రంగు అని వివరంగా రాయించు. ఆవిడ ఆ రోజు కేసు వద్దన్నా సరే, రెండేళ్ల తర్వాత కావాలనుకుంటే ఆ రాతే సాక్ష్యం. గృహహింస చట్టం 2005లో వచ్చింది, దాని ప్రకారం ఆసుపత్రి వైద్యం నిరాకరించడానికి వీల్లేదు.

గడ్డి మందు, ఎలకల మందు తాగి వచ్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మన డెల్టాలో కౌలు రైతుల ఇళ్లలో, చేపల, రొయ్యల చెరువుల మీద పెట్టుబడి పోయిన ఇళ్లలో ఇవి ఎన్ని చూశానో. వాళ్ల నోట నిజం రాకపోవడానికి కారణం పోలీసు భయం. ఎంఎల్‌సీ (పోలీసులకి తెలియజేసే మెడికో-లీగల్ కేసు) రాస్తాం కాబట్టి జైల్లో పెడతారనుకుని "పొరపాటున తాగాడండి" అంటారు, ఏ మందో కూడా దాచేస్తారు, వైద్యం ఆలస్యమవుతుంది. వాళ్లకి నేను ముందుగా చెప్పేది ఇదే: చచ్చిపోవాలనుకున్న మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే 2017 మానసిక ఆరోగ్య చట్టం, సెక్షన్ 115 చూస్తుంది, శిక్షించడానికి కాదు, చూసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేరచట్టంలో లేనే లేదు. ఇది విన్నాక డబ్బా ఎక్కడుందో వాళ్లే చెప్తారు. తర్వాత మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక తిండి, డబ్బు ప్రశ్నలు. కాగితం చదవకు. పేషెంటు జబ్బుకి సంబంధించినంత వరకే అడుగు. ఇన్సులిన్ రాశారా, ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడుగు, లేదంటే తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో దాచుకోవడం చూపించు. టీబీ అని తేలితే నెలకు 1,000 వస్తుందని చెప్పి, బ్యాంకు ఖాతా ఉందా అని అడుగు. అప్పుడు వాళ్లకి ఆ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది, మనసులో శంక పెట్టుకోరు. మొదలుపెట్టే ముందు "చెప్పడం మీ ఇష్టమండి, చెప్పకపోయినా వైద్యం ఇలాగే జరుగుతుంది" అనే మాట మాత్రం మర్చిపోకు. నొప్పి తగ్గకముందు మాత్రం ఒక్కటీ అడగొద్దు.

డ్యూటీ డాక్టర్:

అందరూ చెప్పింది బాగానే ఉంది గానీ రాత్రి డ్యూటీలో ఒక డాక్టరు, ఇద్దరు సిస్టర్లు ఉండే చోట ఇదంతా ఎవరు చేస్తారు? మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సోషల్ వర్కర్ పోస్టులుంటాయి, మా లాంటి చోట ఉండవు. నేను కోరేది ఒక్కటే, అందరికీ రెండే ప్రశ్నలు: ఇంటికి ఎలా వెళ్తారు, మందులు కొనుక్కోగలరా. ఈ రెండింటికీ జవాబు తెలియకుండా నేను డిశ్చార్జ్ రాస్తే అది సగం వైద్యమే. మిగతావి అనుమానం ఉన్నవాళ్లకే, తీరిగ్గా.

కోనసీమ సిస్టర్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలండి. ఈ థ్రెడ్ చదివి వినిపించి మా సూపరింటెండెంట్ గారితో మాట్లాడాను. సొంతిల్లా అద్దిల్లా అన్నది కొట్టేశారు. కొట్టడం ప్రశ్న అందరి కాగితంలోంచీ తీసేసి, అనుమానం ఉన్నవాళ్లని డ్రెస్సింగ్ గదిలో ఒంటరిగా అడగడానికి ఒప్పుకున్నారు. హెడ్ నర్స్ మేడమ్ గారూ, మీరు చెప్పిన "చెప్పడం మీ ఇష్టమండి" మాట ఇప్పుడు మేమందరం ముందే చెప్తున్నాం, మొహాల్లో తేడా కనిపిస్తోంది.

దింపు కార్మికుడి కొడుకు గారూ, కాగితం సంగతి కనుక్కున్నాను. కేస్ షీట్‌తో పాటు రికార్డ్స్ గదికి వెళ్తుందట, సచివాలయానికి వెళ్లదట. అదే మాట రాసి సంతకం పెట్టి క్యాజువాలిటీ గోడకి అంటించమని అడిగాను. అంటించేదాకా తిండి, డబ్బు జవాబులు నేను కాగితం మీద పెట్టను, డాక్టరు గారికి నోటితోనే చెప్తాను.

తేలనిది ఇంటికి వెళ్లే బండి ఒక్కటే. ఆసుపత్రి డబ్బుతో కుదరదన్నారు. అమలాపురం, పి.గన్నవరం, రాజోలు వైపు పిండికట్టుతో ఉన్నవాళ్లని పడుకోబెట్టి రేవు దాకా తీసుకెళ్లగల ట్రక్కు ఆటోవాళ్లు, రాత్రిపూట కూడా వచ్చేవాళ్లు మీకు తెలిస్తే ముందు వాళ్లని అడగండి, సరేనంటే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి. ఫోన్ నంబర్లు మాత్రం అందరికీ కనిపించేలా రాయకండి.